పరదా రంగు మనిషి

పదకొండేళ్ల కిందట ఒక శనివారం ఉదయం, చర్చి వెనక గదిలో, నేనొక మనిషికి మాటిచ్చాను. నెల తిరక్కుండానే తప్పాను. ఆ మాట తీసుకున్న మనిషి మొన్న మంగళవారం పోయారు. మా సంఘం వాట్సాప్ గ్రూపులో 'ప్రభువునందు నిద్రించారు' అని వచ్చింది. దాని కింద గంటలోపలే వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటిలో ఒకటి నాది. యాభై ఏళ్లుగా చదివిన పుస్తకాలన్నీ కలిసి ఆ ఉదయం నాకు అందించింది ఆ పసుపు చేతులనే.

ఆమె నా టీచరు. నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. నేను టీచరుగారూ అనేవాణ్ణి, ఆమె అన్నయ్యగారూ అనేవారు. అమెరికాలో క్యారీ అనే ఊళ్లోని మా తెలుగు సంఘం పిల్లలకు మాత్రం ఆమె లేయర్స్ ఆంటీ. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ మీద బొమ్మను పొరలుగా పేర్చడం నేర్పేవారు కాబట్టి ఆ పేరు.

మాకు సొంత చర్చి లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు హాలూ, ఉదయం పూటలు వెనక గదీ వాడుకోనిస్తారు. ఆ గదిలో శనివారాలు ఆమె క్లాసు. వచ్చేవాళ్లలో సగం మంది ఎం.ఎస్. చదివే పిల్లలు, మిగతా సగం నాలాగా పని పోయినవాళ్లు. నేను చేరేనాటికి నాకు అరవై రెండు. ఇరవై ఏళ్లు చాకిరీ చేయించుకున్న మందుల కంపెనీ ఒక గురువారం నా చేతికి అట్టపెట్టె ఇచ్చి పంపేసింది. ఇంట్లో కూర్చుని దేశాధ్యక్షుడి దగ్గర్నుంచి పక్కింటి కుక్క దాకా అందరినీ తిడుతున్నానని మా ఆవిడ నన్ను ఆ క్లాసుకు తోలింది.

టీచరుగారి నాన్నకు నర్సాపురంలో ఫొటో స్టూడియో ఉండేది. పదేళ్ల వయసులోనే ఆమె నెగటివుల మీద సన్నటి పెన్సిలుతో మచ్చలు కప్పేవారట. ఫొటోలో కళ్లు మూసుకున్నవాళ్లకు కళ్లు తెరిపించడం ఆమె ప్రత్యేకత. అమెరికా వచ్చాక పెన్సిలు పోయి మౌస్ వచ్చింది. అలవాట్లు మాత్రం స్టూడియోవే. పని మొదలుపెట్టే ముందు చేతులు సబ్బుతో కడుక్కునేవారు, తాకేది ప్లాస్టిక్కే అయినా. జంతికల డబ్బా తెచ్చి గది అవతలి మూల బల్ల మీద పెట్టేవారు. తినాలంటే అక్కడిదాకా నడవాలి, తిన్నాక చేతులు కడుక్కునే తిరిగి రావాలి.

మొదటి నెలలో మా అత్తగారి పాత ఫొటో ఒకటి దిద్ది గర్వంగా చూపించాను. ముడతలన్నీ తీసేశాను. ఆమె కళ్లజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఎవరండీ ఈవిడ?"

"మా అత్తగారు."

"కాదండీ, మీ అత్తగారి మనవరాలు," అన్నారు. వెనక కూర్చున్న పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె వాళ్ల వైపు చూడకుండానే నాతో మెల్లగా అన్నారు: "మచ్చ తీయండి అన్నయ్యగారూ. మనిషిని తీసెయ్యకండి."

వీడియోలు కూడా ఆమె ఆ ఫొటోల సాఫ్ట్‌వేర్‌లోనే చేసేవారు. వీడియోలకు వేరే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదాంటీ అని పిల్లలు నవ్వితే, "నాకొచ్చింది ఇదే నాన్నా. వీడియో అంటే ఏంటి, కుదురుగా కూర్చోని ఫొటోలు," అనేవారు. వీడియోను ఒక పొరగా కింద పరిచి, దాని మీద ఖాళీ పొర ఇంకొకటి వేసి, ఆ పై పొర మీదే కుంచె ఆడించాలి. సెకనుకు ముప్ఫై ఫ్రేములు, ముప్ఫైలో ప్రతిదాన్నీ విడిగా దిద్దాలి. కింద ఉన్న అసలుది చెక్కు చెదరదు. ఎప్పుడైనా పై పొరను తీసేస్తే అసలుది ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి ఆమె ప్రతి శనివారం చెప్పేవారు. చెప్పిందే చెబుతారేంటని విసుక్కునేవాణ్ణి.

ఇక ఆమె భర్త సంగతి. ఆయన మా గాయకబృందంలో ఎడమవైపు చివర నిలబడేవారు. పాడేటప్పుడు తాళానికి కుడికీ ఎడమకీ ఊగేవారు. గొంతు మంచిది, నోరు మంచిది కాదు. మా సంఘం పత్రిక క్రిస్మస్ సంచికలో ఒకసారి నేను పద్నాలుగు పేజీల వ్యాసం రాశాను. మూడు నెలల శ్రమ. ఆ ఆదివారం భోజనాల దగ్గర, పళ్లాలు పట్టుకుని వరసలో నిలబడిన అందరి ముందూ ఆయన అన్నారు:

"అన్నయ్యగారి వ్యాసం చదివానండీ. మా డాక్టరు ఇంక నిద్రమాత్ర అక్కర్లేదన్నాడు."

హాలంతా నవ్వింది. పాస్టరుగారు కూడా. నవ్వని మనిషి టీచరుగారొక్కరే. నా పళ్లెంలో ఇంకో గరిటె పులిహోర వేశారు. ఆ గరిటెను కాక ఆ నవ్వునే నేను మోసుకు తిరిగాను. చదువుకున్నవాడికి ఉండే రోగం ఇది. వినయం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా, అవమానం మాత్రం ఒక్కసారి వింటే కంఠతా వచ్చేస్తుంది.

మరుసటి ఏడు సంఘానికి పదేళ్లు నిండాయి. వార్షికోత్సవం వీడియో టీచరుగారికే అప్పగించారు. సంఘం కెమెరాతో ఆమె గాయకబృందాన్ని తీశారు, ఇరవై సెకన్లు. అమెరికన్ చర్చివాళ్ల ఎర్ర పరదా ముందు పదిహేను మంది, ఎడమ చివర ఆమె భర్త. ఇంతలో గొడవ వచ్చింది. మా సంఘ కార్యదర్శి పదేళ్లుగా ఎన్నిక లేకుండా ఆ కుర్చీలోనే ఉన్నారు. సర్వసభ్య సమావేశంలో ఆమె భర్త లేచి ఆ మాట ముఖం మీదే అడిగేశారు. కార్యదర్శికి పట్టరాని కోపం వచ్చింది. రెండు వారాలు మాటా మాటా నడిచాక ఆమె భర్త సంఘం వదిలేసి పక్క ఊరు రాలీలో ఇంకో తెలుగు చర్చికి వెళ్లడం మొదలుపెట్టారు. ఆమె మాత్రం రావడం మానలేదు. "ఆయన అలిగింది మీ మీద. నేనొచ్చేది దేవుడి దగ్గరికి," అన్నారు.

అప్పుడు కార్యదర్శి ఆమెనే పిలిచి అడిగారు, వీడియోలోంచి ఆయన్ను తీసెయ్యమని. వెళ్లిపోయినవాళ్లు మన పండగలో ఎందుకన్నది ఆయన వాదన. నాకు రాదండీ అన్నారట ఆమె. అది అబద్ధమని కార్యదర్శికి తెలుసు, తెలుసని ఆమెకూ తెలుసు. ఆ శనివారం క్లాసు అయ్యాక ఆమె నన్ను ఆపారు.

"నేను కాదన్నాను కాబట్టి ఇప్పుడు మిమ్మల్ని అడుగుతారు. మీకు వచ్చు కదా. చెయ్యనని మాటివ్వండి."

"నేనెందుకు చేస్తానండీ?"

"మాటివ్వండి అన్నయ్యగారూ."

ఇచ్చాను. చెయ్యి చాపి మరీ ఇచ్చాను.

కార్యదర్శి రెండు వారాల తర్వాత మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ టీ ఇచ్చింది. ఆయన ఎక్కడా బెదిరించలేదు, బతిమాలలేదు.

"బ్రదర్, సిస్టర్‌గారు తన వల్ల కాదన్నారు. క్లాసులో ఆవిడ తర్వాత చెయ్యి తిరిగినవారు మీరేనంట కదా. నిజంగా ఇంత కష్టమా అది? మీ వల్ల కూడా కాదా?"

ఆ 'కూడా' అనే మాటకు పడిపోయానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. ఆయన అలా అడుగుతుంటే నా చెవుల్లో హాలంతా నవ్విన నవ్వు వినిపించింది. చేస్తానన్నాను.

పదకొండు ఉదయాలు పట్టింది. వెనక గదిలో, సంఘం కంప్యూటర్ మీద, ఆమె నేర్పినట్టే చేశాను. ఖాళీ పొర వేసి, పక్కనున్న పరదా రంగును కుంచెతో తీసి, ఆయన మీద అద్దుతూ పోయాను. ఫ్రేము తర్వాత ఫ్రేము, ఆరు వందలు. మనిషి ఊగేవాడు కాబట్టి ఆ అద్దకం కూడా ఆయనతోపాటు ఊగాలి. ఆయన అంచును వెంట్రుక వాసి కూడా దాటకుండా పూశాను. పరదా మడతల నీడలు కలిపాను. జీవితంలో అంత శ్రద్ధగా నేను ఏ పనీ చెయ్యలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు పదేళ్లు పట్టింది: ఆ పదకొండు ఉదయాలూ నేను చాలా సంతోషంగా ఉన్నాను.

చివరి రోజు దిద్దిన వీడియోను వేరే ఫైలుగా బయటికి తీస్తుంటే కంప్యూటర్‌లో చోటు చాలడం లేదని హెచ్చరిక వచ్చింది. చూస్తే కెమెరాలోంచి వచ్చిన పెద్ద పెద్ద ఫైళ్లు. అంతా ఇక్కడ నేను పనిచేసిన ఫైలులోనే ఉంది కదా, ఇవెందుకు అనుకున్నాను. డిలీట్ చేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను, శుభ్రంగా ఉండాలని. నిజానికి నేను పూసిన రంగు ఆ ఫైలులోనే ఉంటుంది కానీ, అడుగున ఉన్న వీడియో మాత్రం ఉండదు. దాని జాడ మాత్రమే ఉంటుంది. అసలుది ఎక్కడ ఉందో అక్కణ్ణించే సాఫ్ట్‌వేర్ దాన్ని తెచ్చి చూపిస్తుంది. ఈ సంగతి ఆమె క్లాసులో చెప్పారా, నేను విసుక్కుంటూ వినలేదా, ఇప్పుడు అడగడానికి ఆమె లేరు.

వార్షికోత్సవం రోజు వీడియో వేశారు. పద్నాలుగు మంది పాడుతున్నారు, పదిహేనో గొంతు వినిపిస్తోంది. గొంతు చెరపడం నాకు రాదు. నూట ఇరవై మంది చూశారు. ఒక్కరూ అడగలేదు. చప్పట్లు కొట్టి బిర్యానీ దగ్గరికి వెళ్లారు. రెండో వరసలో కూర్చున్న టీచరుగారు లేచి నా దగ్గరికి వచ్చారు. నేను నేల చూశాను.

"మడతలు బాగా కుదిరాయి," అన్నారు. "పోనీలెండి. పైన ఎవరేం పూసినా కింద అసలుది ఉంది కదా," అన్నారు.

ఉంది అన్నట్టు తలూపాను. అప్పటికి ఉందనే అనుకుంటున్నాను.

నాలుగు నెలల తర్వాత ఆమె భర్త ఆఫీసులో కుర్చీలోనే కూలిపోయారు. గుండెపోటు. సమాధి కార్యక్రమమయ్యాక పది రోజులకు ఆమె వెనక గదికి వచ్చారు. ఫోన్‌లో ఆయన వీడియో ముక్కలు ఉన్నాయట, కూతురి పుట్టినరోజుల్లో వెనక నడిచిపోతూ, ఎవరికో ప్లేటు అందిస్తూ. ఆయన పాడుతున్నది మాత్రం ఆ ఇరవై సెకన్లే. చేతులు కడుక్కుని కూర్చుని ఫైలు తెరిచారు. అసలు వీడియో దొరకలేదని, ఎక్కడుందో చూపించమని కంప్యూటర్ అడిగింది. ఆమె వెతికారు. నేను వెనక నిలబడి ఉన్నాను.

అడుగు పొర ఖాళీగా ఉంది. దాని మీద నేను పూసిన పరదా ముక్కలు తప్ప ఇంకేం లేదు.

"అన్నయ్యగారూ, ఫైలు మీరేమైనా జరిపారా?"

"లేదండీ," అన్నాను. అక్కడితో ఆగినా సగం మనిషినై ఉండేవాణ్ణి. "ఈ గది తాళం కార్యదర్శిగారి దగ్గర కూడా ఉంటుంది కదా," అన్నాను.

అది నిజమే. తాళం ఆయన దగ్గర ఉండేది. అబద్ధం ఆడకుండా అంత పెద్ద అబద్ధం ఆడవచ్చని ఆ రోజే నాకు తెలిసింది.

నెలలోపల సంఘమంతా అనుకుంది, పగబట్టి కార్యదర్శే తుడిపించేశాడని. ఆయన నాకు తెలీదమ్మా అని ఆమెతో అన్నారట. ఎవరూ నమ్మలేదు. మరుసటి ఏడు ఎన్నిక పెట్టి ఆయన్ను దించేశారు. ఆ ఓటింగులో నేనూ చెయ్యెత్తాను.

ఆ తర్వాత పదేళ్లు, ప్రతి శనివారం, నేను ఆ క్లాసుకు వెళ్తూనే ఉన్నాను. చెప్పాలని వెళ్లేవాణ్ణి. చెప్పకుండా తిరిగొచ్చేవాణ్ణి. ఆమె నాకు కొత్త పనులు నేర్పుతూనే ఉన్నారు. నా చేతులు వణకడం మొదలయ్యాక మౌస్ వేగం తగ్గించుకోవడం ఎలాగో చూపించారు. మా ఆవిడ పోయినప్పుడు ఆదరణ కూడికకు ఫొటోలన్నీ ఆమే దిద్ది పెట్టారు. ముడతలు ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. కృతజ్ఞతలు చెప్పబోతే, "ముందు జంతికలు తినండి, పొద్దుట్నుంచి ఏం తినలేదంట," అన్నారు. నిజం చెప్పని ఆ నోటితోనే అవి తిన్నాను.

ఇప్పుడు ఆమె ఆదరణ కూడికకు వీడియో చెయ్యాల్సింది నేనే అన్నారు అందరూ. బుధవారం ఆమె కూతురు లాప్‌టాప్ తెచ్చి ఇచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల, రిచ్‌మండ్‌లో ఉద్యోగం. మా వంటింటి బల్ల దగ్గర ఇద్దరం కూర్చుని ఆమె ఫైళ్లు చూస్తుంటే, 'ఆయన' అన్న పేరుతో ఒకటి కనిపించింది. తెరిచాను.

నేను పాడుచేసిన ఫైలే. ఎప్పుడు కాపీ చేసుకుని తీసుకెళ్లారో తెలియదు. అడుగున ఖాళీ పొర. దాని మీద నా పరదా ముక్కలు. వాటి మీద నేనెప్పుడూ చూడని పొర ఇంకొకటి. నడిపించాను.

ఆమె భర్త పాడుతున్నారు.

ఫొటో కాదు, వీడియో కాదు. చేత్తో వేసినది. పాత ఫొటోలు పక్కన పెట్టుకుని, ఆయన నోరు, కనురెప్పలు, చొక్కా కాలరు, ఒక్కో ఫ్రేమూ విడివిడిగా చిత్రించారు. ఆయన ఎలా ఊగేవారో, ఏ క్షణాన ఎక్కడ ఉండేవారో లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు, నా పరదా ముక్కల అంచుల్లో తప్ప. నేను ఆయన్ను అంత జాగ్రత్తగా చెరిపాను కాబట్టి ఆ చెరిపిన ఆకారం ఆమెకు అచ్చుగా పనికొచ్చింది. దాని లోపల ఆమె ఆయన్ను తిరిగి నింపుతూ వచ్చారు. తొంభై ఫ్రేములు అయ్యాయి. పదేళ్లలో మూడు సెకన్లు.

"అంకుల్, అమ్మ దీని మీద వర్క్ చేసేది అప్పుడప్పుడు. నాకు షో చేయలేదు ఎప్పుడూ," అంది ఆ పిల్ల. కళ్లు తుడుచుకుంది. "ఒరిజినల్ సెక్రటరీ అంకుల్ డిలీట్ చేశాడంట కదా. అందరూ అంటారు."

"మీ అమ్మ అనేదా?"

"లేదు. అమ్మ ఎవరి పేరూ చెప్పదు."

పదేళ్లుగా దాచినది బయటికి రావడానికి రెండు వాక్యాలు సరిపోయాయి. చెరిపింది నేనని, పారేసింది కూడా నేనేనని చెప్పాను. ఆ పిల్ల నా వైపు చూడలేదు.

"ఆన్ పర్పస్ ఆ?"

"చెరపడం కావాలనే. పారెయ్యడం తెలియక."

"ఓకే," అంది. అది క్షమించినట్టు కాదు. విన్నట్టు. తెర మీది బొమ్మ వైపు చూపిస్తూ అడిగింది: "మిగతాది మీరు ఫినిష్ చేస్తారా?"

"నా చేతికి ముఖాలు రావమ్మా."

"అయితే అలాగే షో చేయండి. మీ లేయర్ తీయద్దు."

శనివారం మధ్యాహ్నం హాల్లో, వార్షికోత్సవం వీడియోలోని పాట జతచేసి, అలాగే వేశాను. అదే ఎర్ర పరదా ముందు తెర దించి. మూడు సెకన్లు ఆయన కనిపించారు. వెనక వరసలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. తర్వాత ఆయన పరదాలో కలిసిపోయారు, పాట సాగింది.

భోజనాల దగ్గర పాత కార్యదర్శి నా దగ్గరికి వచ్చారు. ఇప్పుడాయనకు ఎనభై దాటాయి, కర్ర పట్టుకుని నడుస్తారు.

"వందనాలు బ్రదర్. ఆ రోజు మీ ఇంటికొచ్చి నేను అలా అడక్కుండా ఉండాల్సింది. తప్పు నాదే," అన్నారు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు. నేనేమైనా అంటానని ఎదురుచూశారు.

ఆయన కుర్చీ పోయింది నా వల్ల. పదేళ్లు ఆ నింద ఆయన ఇంటి గుమ్మం దాకా వెళ్లింది నా వల్ల. అది చెప్పాల్సిన క్షణం అదే. "పర్లేదండీ," అన్నాను. క్షమిస్తున్నవాడిలా భుజం కూడా తట్టాను. ఆయన కృతజ్ఞతగా తలూపి, పళ్లెం పట్టుకుని నెమ్మదిగా వరసలోకి వెళ్లారు.

ఆ రోజు నుంచి ఇది రాస్తున్నాను. ఆయన ఈ పత్రిక చదువుతారు. మొన్నటి వరకూ ఆయన్ను, పాస్టరుగారిని, నవ్విన హాలునంతా, నవ్వించిన చనిపోయిన మనిషిని కూడా తప్పుపడుతూ వచ్చాను. వాళ్ల వంతు వాళ్లకు ఉంది, కాదనను. ఫైలు మళ్లీ మళ్లీ నడిపిస్తాను. మూడు సెకన్ల తర్వాత ముఖం ఆగిపోతుంది. చొక్కా, చేతులు, నోరు ఎర్ర మడతల్లోకి జారిపోతాయి. మనిషంత పరదా ముక్క ఒకటి, ఇంకా పదిహేడు సెకన్లు, పాటకు తగ్గట్టు కుడికీ ఎడమకీ ఊగుతుంది. దాన్ని అలా కోసినవాణ్ణి నేనింకా క్షమించలేదు. అతను కార్యదర్శి కాదు. నేను.